కంప్యూటరు గది బయట చెప్పులు విడవడం శాస్త్రమా, భయమా?

నలభైట్రాకులు (శనివారం, ఉదయం 9.10)

మొన్న అటక సర్దుతుంటే 1989 నాటి నా ప్రాక్టికల్ రికార్డు దొరికింది. గుంటూరు జిల్లాలోని ఒక ప్రైవేటు కళాశాలలో డిగ్రీ చదువుతూ, సాయంత్రం పూట అక్కడే నడిపిన ఆరు నెలల కంప్యూటరు కోర్సులో చేరినప్పటిది. లోపలి అట్ట మీద సైక్లోస్టైలు చేసిన నిబంధనల కాగితం అతికించి ఉంది. మొదటి నిబంధన, "పాదరక్షలు వెలుపల విడిచి లోనికి రావలెను." ఫ్లాపీని (ఫైళ్ళు దాచుకునే పలుచని డిస్కును) వంచరాదన్నది నాలుగవది. మా గదిలో ఆరు పీసీలు ఉండేవి, ఒక్కదానికీ హార్డ్‌డిస్కు లేదు, ఒక్కొక్కదానికి రెండేసి 360 కిలోబైట్ల ఫ్లాపీ డ్రైవులు మాత్రమే. 'A' డ్రైవులో యంత్రాన్ని నడిపించే డాస్ ఫ్లాపీ పెట్టి, 'B' డ్రైవులో మన పని చేసుకోవాలి.

నా వాదన ఒక్కటే. ఆ నిబంధనకు సాంకేతికమైన అవసరం ఏమీ లేదు, అది గుడి మెట్ల దగ్గర నుంచి నేరుగా నడిచి వచ్చిన ఆచారం. సాక్ష్యం కావాలంటే, విజయదశమి నాడు అదే గదిలో మానిటర్లకు పసుపు, కుంకుమలు పెట్టి, కీబోర్డుల మీద అక్షతలు చల్లి, గుమ్మంలో కొబ్బరికాయ కొట్టారు. మా కాలి దుమ్ము యంత్రానికి చేటట, కుంకుమ మాత్రం చేటు కాదట. ఇంకొక మాట కూడా చెప్పాలి. కోర్సు మూడవ నెలలో, కొని పదిహేను రోజులైనా కాని నా తోలు చెప్పులు ఆ గుమ్మం ముందు పోయాయి. బస్టాండు దాకా కాలుతున్న తారు రోడ్డు మీద పరుగెత్తిన సంగతి నేనింకా మరిచిపోలేదు. మీ అనుభవాలు చెప్పండి.

పంచికార్డు (శనివారం, ఉదయం 10.25)

మీరు చూసినది చివరి అంకం. నేను 1972లో హైదరాబాదులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఐబీఎం 1401 అనే పెద్ద కంప్యూటరు మీద పనికి చేరాను. అప్పట్లో దుమ్ము గురించిన భయం భక్తి వల్ల వచ్చినది కాదు, జీతాల బిల్లుల వల్ల వచ్చినది. లెక్కలన్నీ రంధ్రాలు పొడిచిన అట్ట కార్డుల మీద ఉండేవి, మా కార్డు రీడరు వాటిని నిమిషానికి 800 చొప్పున చదివేది. ఆ వేగంతో పరుగెత్తే అట్ట మీద ఇసుక రేణువు ఉన్నా, వానాకాలపు చెమ్మకు అట్ట కాస్త ఉబ్బినా, లోపల ఇరుక్కుని మడతలు పడి, దాని వెనుక వచ్చేవి ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. నలిగిన ప్రతి కార్డునూ చేత్తో చూసి మళ్ళీ పంచ్ చేయవలసి వచ్చేది. పైగా నేల కింద మరొక నేల ఉండి, చల్లగాలి ఆ ఖాళీలో నుంచి పైకి వచ్చేది. మనం తొక్కి తెచ్చిన దుమ్మును ఆ గాలే లేపి యంత్రాలకు పంచిపెట్టేది. కాబట్టి బయటి చెప్పులు విడిచి, గదిలో వాడడానికి ఉంచిన వేరే చెప్పులు తొడుక్కునేవాళ్ళం. వట్టి కాళ్ళతో రమ్మని మాకెవ్వరూ చెప్పలేదు. మీ కళాశాలవారు మా నిబంధనలో సగం తీసుకుని, రెండవ జత చెప్పుల ఖర్చు మిగుల్చుకున్నారని నా అనుమానం.

విన్‌చెస్టర్ (శనివారం, మధ్యాహ్నం 12.05)

ఇందులో చర్చించవలసినది ఏమీ లేదు. 1973లో ఐబీఎం 3340 అనే హార్డ్‌డిస్కు వచ్చినప్పుడే, సమాచారం దాచే పళ్ళేలనూ దాన్ని చదివే హెడ్డులనూ ఒకే పెట్టెలో పెట్టి మూసివేశారు. పళ్ళేనికీ హెడ్డుకూ మధ్య ఎడం ఒక మైక్రాను కూడా ఉండదు. అంత ఇరుకులో దుమ్ము పడితే ఏమవుతుందో తెలుసు గనుకనే మూశారు. పీసీలలో వచ్చిన హార్డ్‌డిస్కులన్నీ ఆ వంశానివే. మూసిన పెట్టెలోకి మీ చెప్పుల దుమ్ము ఎలా వెళుతుంది? కాబట్టి పీసీలు వచ్చిన తరువాత ఆ నిబంధన అర్థం లేనిది.

నలభైట్రాకులు (శనివారం, మధ్యాహ్నం 12.20)

మా గదిలో హార్డ్‌డిస్కు లేదని మొదటి పేరాలోనే రాశాను. అయినా మీ ముగింపు నాకు అనుకూలమే కనుక పోట్లాడను.

తాళంచెవి (శనివారం, సాయంత్రం 4.40)

నేను 1988 నుంచి 1996 వరకు వేరొక ఊరి కళాశాలలో కంప్యూటరు గదికి ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేశాను. ఇక్కడ వాదిస్తున్నవారిలో ఎవరైనా ఎప్పుడైనా ఫ్లాపీ డ్రైవు విప్పి శుభ్రం చేశారా? ఐదుంపావు అంగుళాల ఫ్లాపీకి తొడుగులో పొడవాటి కిటికీ కోసి ఉంటుంది. ఆ కిటికీకి మూత లేదు. మూడున్నర అంగుళాలవి వచ్చాకనే దానికి రేకు తలుపు వచ్చింది. హార్డ్‌డిస్కులో హెడ్డు గాలిలో తేలుతుంది, ఫ్లాపీలో హెడ్డు నేరుగా డిస్కు మీది అయస్కాంతపు పూత మీద ఆని, నిమిషానికి 300 సార్లు తిరిగే ఆ పూతను ఒరుసుకుంటూ చదువుతుంది. మధ్యలో ఒక్క రేణువు చిక్కినా డిస్కు మీద వలయాకారంలో గీత పడుతుంది. ఆ చెడిన ఫ్లాపీని పక్క యంత్రంలో పెడితే దాని హెడ్డుకు కూడా ఆ పొడి అంటుకుంటుంది. మా ఊరిది ఎర్రమట్టి. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదితో హెడ్డు తుడిస్తే ఇటుకపొడి రంగు వచ్చేది. చెప్పుల నిబంధన పాటించిన నెలల్లో రెండు వారాలకు ఒకసారి తుడిస్తే సరిపోయేది. పరీక్షల రోజుల్లో బయటి పర్యవేక్షకులు బూట్లతో తిరిగిన వారంలో రెండుసార్లు తుడిచాను.

విన్‌చెస్టర్ గారూ, హార్డ్‌డిస్కు మీరన్నట్లు పూర్తిగా మూసినది కాదు. గాలి పీడనం సర్దుకోవడానికి దానికి చిన్న రంధ్రం ఉంటుంది.

విన్‌చెస్టర్ (శనివారం, సాయంత్రం 5.15)

ఆ రంధ్రానికి లోపలివైపు వడపోత ఉంటుంది. వడపోత ఉన్న రంధ్రాన్ని తెరిచి ఉన్న రంధ్రమని అనడం సరికాదు. దయచేసి "మూసినది కాదు" అన్న మాటను సవరించుకోండి.

తాళంచెవి (శనివారం, సాయంత్రం 5.30)

"పూర్తిగా" అని రాశాను. ఆ మాట చదవండి.

బీపుశబ్దం (శనివారం, రాత్రి 7.02)

చెప్పులతో వస్తే కంప్యూటరుకు వైరసు పడుతుందని మా ఇన్‌స్ట్రక్టరు చెప్పారు. మేము నోట్సులో రాసుకున్నాము కూడా.

విన్‌చెస్టర్ (శనివారం, రాత్రి 7.20)

1986 నాటి బ్రెయిన్ అనే వైరసు ఫ్లాపీ బూటు సెక్టారులో (యంత్రం మొదలవుతూనే చదివే భాగంలో) చేరి లాహోరు నుంచి లోకమంతా తిరిగింది. అది ఫ్లాపీల మీద వచ్చింది గాని చెప్పుల మీద రాలేదు.

మోడ్7 (శనివారం, రాత్రి 8.45)

1984-85లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన క్లాస్ అనే, బళ్ళలో కంప్యూటరు నేర్పే పథకం కింద మా పాఠశాలకు బీబీసీ మైక్రోలు అనే బ్రిటిషు కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో ఫ్యాను లేదు, దుమ్మును లోపలికి లాగే సాధనమే లేదు. ఇంగ్లండులో అవే యంత్రాలు బళ్ళలో సుద్దపొడి నడుమ పనిచేశాయి. అయినా మేము కాళ్ళు కడుక్కుని వెళ్ళాము.

మూడోవరుస (శనివారం, రాత్రి 10.30)

మీ అందరి వాదనా చదివాను. ఎవ్వరూ చెప్పని ఒక సంగతి ఉంది. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిన తరువాత మాకు షాకు కొట్టేది. కంప్యూటరు డబ్బా అంచును మోచేయి తాకితే చీమలు పాకినట్లుండేది, నేల తడిగుడ్డతో తుడిచిన రోజున మరీ ఎక్కువ. "ఆడపిల్లలు భయస్థులు, అది మీ భ్రమ" అని మా ఇన్‌స్ట్రక్టరు నవ్వేవారు. ఆయన ఒక్కరే చెప్పులతో ఉండేవారు.

ఎలక్ట్రానిక్స్ చదివాక గాని నాకు కారణం తెలియలేదు. పీసీ పవర్ సప్లైలో విద్యుత్తు రొదను వడగట్టడానికి ఫేజు నుంచి ఒకటి, న్యూట్రలు నుంచి ఒకటి చొప్పున రెండు చిన్న కెపాసిటర్లను డబ్బాకు కలుపుతారు. ఎర్తింగు సరిగా ఉంటే ఆ కొద్దిపాటి లీకు భూమిలోకి పోతుంది. లేకపోతే డబ్బా మీద 230 వోల్టులలో దాదాపు సగం నిలిచి ఉంటుంది. కరెంటు మిల్లీఆంపియరుకు లోపే కాబట్టి ప్రాణం తీయదు, కానీ వట్టి కాళ్ళ మనిషికి తెలిసివస్తుంది. రబ్బరు చెప్పులుంటే తెలియదు. మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న ఎర్తు పిన్నుకు తీగె తగిలించని కళాశాల, మా చెప్పులు విడిపించి దుమ్ము నుంచి యంత్రాన్ని కాపాడింది.

పంచికార్డు (ఆదివారం, ఉదయం 6.50)

అమ్మా, మీరు చెప్పినది నూటికి నూరుపాళ్ళు నిజం. మేము ఎర్తింగు గుంటలో ఉప్పు, బొగ్గు వేసి, వేసవిలో రోజూ నీళ్ళు పోయించేవాళ్ళం.

నలభైట్రాకులు (ఆదివారం, ఉదయం 9.05)

ఇంకేం కావాలి! దుమ్ముకు భయపడి చెప్పులు విడిపించారు, షాకు కొడితే మన పిరికితనమన్నారు. తాళంచెవి గారి వంటివారు ఆ గదులకు పూజారులుగా కూర్చున్నారు. గర్భగుడిలోకి అందరూ రాకూడదు, తాకకూడదు, తీర్థం మాత్రం పుచ్చుకోవాలి. హెడ్డు శుభ్రం చేయడం మీ పని. అది తగ్గించుకోవడానికి అరవైమందిని వట్టి కాళ్ళతో నడిపించారు. మా చెప్పులు పోతే, "కాపలా మా బాధ్యత కాదు" అన్నది కూడా మీవంటి ఒక ల్యాబ్ అసిస్టెంటే.

తాళంచెవి (ఆదివారం, ఉదయం 9.40)

మీ చెప్పులు నేను దొంగిలించలేదు. ముప్పై ఐదేళ్ళ కిందటి చెప్పుల కోసం నన్ను పూజారిని చేసినందుకు సంతోషం, ఎందుకంటే నిజంగా నేను పూజారినైతే పళ్ళెంలో ఏదైనా పడేది. నా జీతం 650 రూపాయలు. గదిలోని ఆరు పీసీలు, రెండు ప్రింటర్లు, ఒక స్టెబిలైజరు, పద్దెనిమిది కుర్చీలు స్టాకు రిజిస్టరులో నా సంతకం మీద ఉండేవి. 1990లో ఒక డ్రైవు చెడిపోయింది. ఎవరో విద్యార్థి ఫ్లాపీని తిరగేసి దూర్చి, రాకపోతే బలంగా లాగాడు. పేరు చెప్పమన్నారు, చెప్పలేదు. 1,800 రూపాయలను నా జీతంలో నెలకు వంద చొప్పున కోసుకున్నారు. పద్దెనిమిది నెలలు. అప్పటికి నాకు పెళ్ళై ఏడాది. ఆ తరువాత దుమ్మైనా, చెయ్యైనా, ఎవరి చెయ్యైనా, ఆ యంత్రం దగ్గరకు వస్తుంటే నా గుండె దడదడలాడేది. చెప్పులు విడవమంటే మనిషి గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగుతాడు. ఆగినవాడు లోపల కాస్త ఒద్దికగా ఉంటాడు. నాకు కావలసినది అదే. దుమ్ము సంగతి కూడా నిజమే, కానీ మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను.

విన్‌చెస్టర్ (ఆదివారం, ఉదయం 10.10)

అంటే దుమ్ము అసలు కారణం కాదని మీరే ఒప్పుకున్నారు.

బీపుశబ్దం (ఆదివారం, ఉదయం 10.12)

విన్‌చెస్టర్ గారూ, ఇక వదిలేయండి.

మూడోవరుస (ఆదివారం, మధ్యాహ్నం 2.30)

తాళంచెవి గారూ, మీ జీతం కోయడం అన్యాయం. అది చదివి నాకు బాధ కలిగింది. అయినా అడగవలసినది అడుగుతాను.

మా బ్యాచిలో ఒక్కొక్క యంత్రానికి ముగ్గురు, నలభై ఐదు నిమిషాలు. కుర్చీలో ఒక అబ్బాయి, పక్కన మరొక అబ్బాయి, వెనుక నేను. ఈ పేరు ఊరికే పెట్టుకోలేదు. వాళ్ళు ప్రోగ్రాం ఎక్కిస్తుంటే నేను రికార్డులోకి అవుట్‌పుట్ ఎక్కించేదాన్ని, ముగ్గురికీ. నా రికార్డు నా దగ్గర కూడా ఉంది. నా చేత్తో కీబోర్డు నొక్కిన రోజు వచ్చినప్పుడల్లా తేదీ పక్కన చుక్క పెట్టుకున్నాను. ఆరు నెలల్లో పదకొండు చుక్కలు. ఫీజు మాత్రం ముగ్గురమూ సమానంగా కట్టాము. ఇంట్లో తెల్లకాగితం మీద బేసిక్ అనే కంప్యూటరు భాషలో ప్రోగ్రాం రాసి, ఒక్కొక్క వరుసకు వేరియబుల్స్ విలువలు పక్కన వేసుకుంటూ నేనే యంత్రమై నడిపించుకునేదాన్ని. ఒకసారి ఫర్-నెక్స్ట్ లూపు (ఒకే పనిని లెక్క ప్రకారం మళ్ళీ మళ్ళీ చేయించే భాగం) ఒక చుట్టు ఎక్కువ తిరుగుతోందని నాకు కాగితం మీదనే తెలిసింది. యంత్రం మీద సరిచూసుకోవడానికి పన్నెండు రోజులు పట్టింది, వంతు రాక.

ఆదివారాలు ఆ గది ఖాళీగా ఉండేది. సాయంత్రం ఆరు తరువాత ఖాళీగా ఉండేది. ఉత్తరం రాసి అడిగాము, దుమ్ము పడుతుందన్నారు, కరెంటు నమ్మకం లేదన్నారు. కనుక నా ప్రశ్న చెప్పుల గురించి కాదు. ఆ తాళం ఎవరి నుంచి కాపాడడానికి? మీ గది ఆదివారం ఎప్పుడూ తెరుచుకోలేదా?

తాళంచెవి (ఆదివారం, రాత్రి 9.15)

మధ్యాహ్నం నుంచి దీనికి జవాబు రాయాలా, వద్దా అని ఆలోచించాను.

తెరుచుకునేది. మా కరస్పాండెంటు గారి అబ్బాయి ఇంటరు చదివేవాడు. ప్రతి ఆదివారం పదింటికి వచ్చేవాడు, నేను తాళం తీసి పక్కన కూర్చునేవాణ్ణి. గంట, రెండు గంటలు, ఒక్కొక్కసారి భోజనాల వేళ దాకా. ఎక్కువగా ఆటలే. రిజిస్టరులో ఆ గంటలు రాయవద్దన్నారు, రాయలేదు. సోమవారం మీవంటి పిల్లలు ఉత్తరం తెస్తే, కరెంటు నమ్మకం లేదని చెప్పినది నేనే.

మూడోవరుస (ఆదివారం, రాత్రి 9.32)

చెప్పులు విడిచేవాడా?

తాళంచెవి (ఆదివారం, రాత్రి 9.50)

లేదమ్మా. బూట్లతోనే వచ్చేవాడు.