అప్‌డేట్: సెన్సర్ రీడింగ్ ఎందుకు పడిపోతోందో తెలిసింది

టిన్ ఆక్సైడ్ పూతతో చేసిన, అమ్మోనియా గ్యాస్‌ను పసిగట్టే నా సెన్సర్ రెసిస్టెన్స్ (కరెంటుకు పూత ఇచ్చే అడ్డు), గ్యాస్ పంపకుండానే పడిపోతోందని పోయిన నెల అడిగాను కదా. కారణం మన విశాఖ గాలిలోని తేమే!

మీరు చెప్పినట్టే రీడింగ్ పక్కన తేమ శాతం కూడా రాస్తూ వచ్చాను. సముద్రపు గాలి తిరిగి కిటికీ అద్దాలు చెమర్చిన రోజునే రెసిస్టెన్స్ బాగా తగ్గింది. మామూలుగా గాలిలోని ఆక్సిజన్ పూతకు అంటుకుని ఎలక్ట్రాన్లను పట్టి ఉంచుతుంది, అందుకే రెసిస్టెన్స్ ఎక్కువ. అమ్మోనియా ఆ ఆక్సిజన్‌తో చర్య జరిపితే ఎలక్ట్రాన్లు మళ్లీ పూతలోకి వస్తాయి, రెసిస్టెన్స్ తగ్గుతుంది. నీటి ఆవిరి కూడా రెసిస్టెన్స్‌ను అలాగే తగ్గిస్తుంది. పూతే పాడైందని నేను అనవసరంగా టెన్షన్ పడ్డాను.

ఇప్పుడు పూతను వేడి చేసే హీటర్‌ను 300 డిగ్రీల దగ్గర నిలిపి, గంట ఆగి కొలుస్తున్నాను. గాలిని సిలికా జెల్ (తేమను పీల్చే గింజలు) గుండా పంపి ఆరబెడుతున్నాను, అదీ అమ్మోనియా కలపకముందే. తర్వాత పెడితే జెల్ అమ్మోనియానూ పీల్చేస్తుంది. జెల్ నీలం గింజలు తేమ పీల్చి మధ్యాహ్నానికే గులాబీ రంగుకు తిరిగిపోతున్నాయి, ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ వాడుతున్నాను.

రీడింగ్ నిలబడింది! బయట వాడేటప్పుడు గాలిని ఆరబెట్టలేం కాబట్టి, పక్కనే తేమ సెన్సర్ పెట్టి లెక్క సరిచేయడం మొదలుపెట్టాను. మీలో తేమ సంగతి ముందుగా పట్టుకున్న మేడమ్‌కి చాలా థాంక్స్ అండీ.