క్లాసిక్ 350 సైలెన్సర్ బాఫిల్: బోల్టు కదలట్లేదు, తీశాక కార్బ్ సెట్టింగ్ మార్చాలా?

ఎంవీపీ_బుల్లెట్:
బండి 2016 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, కార్బ్యురేటర్ (గాలి, పెట్రోలు కలిపే కార్బ్) మోడల్. కంపెనీ సైలెన్సర్ విప్పి, బయట కొన్న పొట్టి స్టీల్ సైలెన్సర్ బిగించి ఉంది. చివర్లో బాఫిల్‌ని (శబ్దం తగ్గించే లోపలి గొట్టం) అడుగు వైపు నుంచి ఒకే ఒక్క అలెన్ బోల్టు (తలలో ఆరు పలకల గుంట ఉండేది) పట్టి ఉంచుతోంది. దుగ్ దుగ్ మని ఇంకా లోతుగా వినిపించాలని బాఫిల్ తీద్దామనుకుంటున్నా. బోల్టు తుప్పు పట్టి కదలట్లేదు, తల అరగకుండా ఎలా తీయాలి? తీశాక కార్బ్‌లో జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్క) మార్చాలా? మన వైజాగ్ బీచ్ రోడ్డులో పోలీసులు ఆపితే కేసు ఎంతదాకా వెళ్తుంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఆటోనగర్_పానా:
బోల్టు సంగతి నేను చెప్తా. మన ఊరి ఉప్పుగాలికి, స్టెయిన్‌లెస్ గొట్టంలో మామూలు ఇనప బోల్టు ఉంటే తుప్పంతా ఆ బోల్టుకే పడుతుంది. తుప్పు ఉబ్బి మర సందుల్లో ఇరుక్కుంటుంది. బలం పెట్టేకొద్దీ తలే అరుగుతుంది, బోల్టు మాత్రం తిరగదు.

బోల్టు కిందికి చూస్తోంది కాబట్టి బండి మీదే స్ప్రే కొడితే కారిపోయి నేల మీద పడుతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక సైలెన్సర్ విప్పి, తిరగేసి గోనెపట్టా మీద పెట్టండి. బోల్టు తల గుంటలో గట్టిపడిన మట్టిని, మసిని సూదితో గీకండి. ఇది చాలామంది చెయ్యరు. కీ అడుగుదాకా దిగకుండా పైపైన పట్టుకోవడం వల్లే సగం తలలు పాడవుతాయి. తర్వాత తుప్పు వదిలించే స్ప్రే సాయంత్రం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి కొట్టి వదిలేయండి. పొద్దున్న తల మీద చిన్న సుత్తితో నాలుగైదు దెబ్బలు వెయ్యండి, తుప్పు పొడిగా రాలేంత చాలు.

ఇవి ఎక్కువగా ఎం6 (6 మి.మీ. మందం) బోల్టులే. స్తంభంలా నిలువు తల ఉంటే 5 మి.మీ. కీ, బొత్తాంలా గుండ్రటి తల ఉంటే 4 మి.మీ. కీ పడుతుంది. మొన గుండుగా ఉండే కీ వాడొద్దు, జారి గుంటని గుండ్రంగా చేసేస్తుంది. ముందు బిగించే వైపు రవ్వంత తిప్పండి, టిక్ మని వదిలాక విప్పే వైపు తిప్పండి. గ్యాస్ మంట పెట్టొద్దు: స్ప్రే అంటుకుంటుంది, స్టీలు నీలంగా మారుతుంది. హీట్ గన్ అయితే ఫర్వాలేదు, అదీ స్ప్రే బాగా తుడిచి ఆరాకే. తల అప్పటికే అరిగిపోయి ఉంటే కాస్త పెద్ద టార్క్స్ బిట్‌ని (నక్షత్రం మొన ఉండేది) సుత్తితో దిగగొట్టి తిప్పండి.

బోల్టు వచ్చాక బాఫిల్ అంచుని గ్రిప్ ప్లేయర్‌తో పట్టి అటూ ఇటూ తిప్పండి, ఆ తర్వాతే బయటికి లాగండి. తిప్పకుండా లాగితే మసి పట్టిన అంచు చీలుతుంది. ఎంతకీ తిరక్కపోతే టార్చ్ వేసి లోపల చూడండి, కొన్నిటికి సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగ్ రింగు) ఉంటుంది, కొన్నిటికి వెల్డింగ్ చుక్కలు ఉంటాయి. వెల్డింగ్ ఉంటే అది తీసే రకం కాదు, వదిలేయండి. చుట్టూ గ్లాస్ వూల్ ఉన్న రకమైతే మాస్కు, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

మళ్లీ బిగించేటప్పుడు కొత్త స్టెయిన్‌లెస్ బోల్టు, దాని మరకి కాపర్ గ్రీజు. ఖాళీ రంధ్రాన్ని అలాగే వదిలేస్తే అక్కణ్నుంచి పొగ ఊది చుట్టూ నల్ల చార పడుతుంది.

సింహాచలం_ఘాట్:
బోల్టు గురించి అన్న చెప్పింది కరెక్టు. కానీ లోతు కోసం బాఫిల్ తీయడం తప్పు దారి తమ్ముడూ, కారణం చెప్తా.

ఐడిలింగ్‌లో ఇంజన్ నిమిషానికి సుమారు 1,000 చుట్లు తిరుగుతుంది. ఫోర్ స్ట్రోక్, ఒకే సిలిండర్, రెండు చుట్లకి ఒక పేలుడు, అంటే 500 పేలుళ్లు, సెకనుకి ఎనిమిది. నీకు నచ్చే దుగ్ దుగ్ ఆ ఎనిమిది దెబ్బల మధ్య ఖాళీలోంచి వస్తుంది. ఆ మంద్ర శబ్దాన్ని పొట్టి బాఫిల్ ఎలాగూ పెద్దగా ఆపలేదు. అది ఆపేది చెవికి గుచ్చుకునే పై శబ్దాన్ని. బాఫిల్ తీస్తే దుగ్ దుగ్ లోతెక్కదు, దాని మీద పట్ పట్ మని రేకు కొట్టిన శబ్దం వచ్చి చేరుతుంది. లోతు కావాలంటే సైలెన్సర్ లోపల ఖాళీ ఎక్కువుండాలి, గొట్టం పొడుగుండాలి. ఆ రెండూ నువ్వు విప్పి పక్కన పెట్టిన కంపెనీ సైలెన్సర్‌లోనే ఉన్నాయి.

ఇక కార్బ్. దారి తెరుచుకుంటే గాలి ఎక్కువ లాగుతుంది, పెట్రోలు అంతే వస్తుంది, మిశ్రమం పలచబడుతుంది. యాక్సిలేటర్ వదిలినప్పుడు ఫట్ ఫట్ మని పేలడం, బెండ్ పైపు (ఇంజన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్లే వంపు గొట్టం) మొదట్లో నీలి రంగు, స్పార్క్ ప్లగ్ తెల్లగా ఉండటం దీని గుర్తులు. అయితే పేలుడు వినగానే జెట్ మార్చకు. ముందు బెండ్ పైపు ఇంజన్ హెడ్డుని కలిసేచోట, సైలెన్సర్ క్లాంపు దగ్గర లీకు చూడు. స్టార్ట్ చేసిన వెంటనే, పైపు వేడెక్కకముందే, గుడ్డతో సైలెన్సర్ మూతి కొద్దిగా మూస్తే లీకున్న చోట చుస్ మని వినిపిస్తుంది. అక్కడి ప్యాకింగ్ (అతుకులో వేసే సీలు) మారిస్తే సగం పేలుళ్లు పోతాయి.

లీకు లేకపోయినా పేలుతుంటే పైలట్ స్క్రూ (ఐడిలింగ్ మిశ్రమాన్ని సర్దే కార్బ్ మర) పావు చుట్టు చొప్పున తెరువు, ఐడిలింగ్ నిలకడగా ఉన్నచోట ఆపు. పై స్పీడులో గొంతు పట్టినట్టు ఆగిపోతుంటేనే మెయిన్ జెట్ ఒక్క సైజు పెంచు. రెండు సైజులు పెంచితే ప్లగ్ నల్లబడి మైలేజీ పడిపోతుంది, పొల్యూషన్ టెస్టులో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ చూపిస్తుంది.

ఇంత చేసినా కింది గేర్లలో లాగుడు తగ్గొచ్చు. బాఫిల్ నుంచి వెనక్కి తిరిగొచ్చే పీడన తరంగం తక్కువ స్పీడులో కొత్త మిశ్రమాన్ని సిలిండర్‌లో నిలపడానికి పనికొస్తుంది. సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు ఆ తేడా చేతికి తెలుస్తుంది. శబ్దం పెరిగింది కాబట్టి బండి స్పీడైనట్టు అనిపిస్తుంది, అంతే.

జగదాంబ_నైట్:
కేసు సంగతి. మోటారు వాహనాల చట్టంలో శబ్ద, వాయు కాలుష్యానికి సెక్షన్ 190(2). 2019 సవరణ తర్వాత మొదటిసారికి 3 నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ, పైగా 3 నెలలు లైసెన్సుకి అనర్హత. బండిని అనుమతి లేకుండా మార్చినందుకు ఓనరు మీద 182ఏ(4) వేరే: 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయలు, లేదా రెండూ. పట్టుకున్న సైలెన్సర్లని మన ఊళ్లోనే రోడ్డు రోలర్‌తో తొక్కించారు, అది తిరిగి రాదు.

175 సీసీ దాటిన మోటార్ సైకిల్‌కి కంపెనీ పాటించాల్సిన హద్దు 80 డెసిబెల్. అది బండి వెళ్తుంటే 7.5 మీటర్ల దూరం నుంచి కొలిచేది. ఫోన్ యాప్ సైలెన్సర్ పక్కన పెట్టి 95 చూపిస్తోందని ఆ 80తో పోల్చొద్దు, రెండూ వేరు కొలతలు. తేడా చూడాలంటే మూతికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల పక్కకి ఫోన్ పెట్టి, ఒకే చోట, ఒకే ఆర్‌పీఎం దగ్గర, బాఫిల్ ఉన్నప్పుడు ఒకసారి, లేనప్పుడు ఒకసారి కొలవండి. 10 డెసిబెల్ పెరిగితే చెవికి రెట్టింపు శబ్దంలా ఉంటుంది. కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) లాంటి ఆసుపత్రుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం, రాత్రి 40 డెసిబెలే పరిమితి. అక్కడ మంచం మీదున్న మనిషికి మీ దుగ్ దుగ్ కూడా భరించలేనిదే.

ఎంవీపీ_బుల్లెట్:
చాలా థ్యాంక్స్ అన్నా అందరికీ. కంపెనీ సైలెన్సర్ ఇంట్లోనే ఉంది, చివర కొంచెం తుప్పు. దాన్నే మళ్లీ బిగిస్తే పాత ప్యాకింగ్ పనికొస్తుందా?

ఆటోనగర్_పానా:
పనికిరాదు. ఒకసారి నలిగిన ప్యాకింగ్ మళ్లీ పట్టదు, కొత్తది వెయ్యండి. సైలెన్సర్‌ని నిలబెట్టి ఊపి చూడండి, లోపల గలగలమంటే బాఫిల్ రేకు తెగినట్టే. శబ్దం లేకపోతే పై తుప్పుని సన్నటి స్టీల్ పీచుతో రుద్ది, నూనె గుడ్డతో తుడిచి బిగించండి. క్లాంపు, మౌంటింగ్ రెండూ ముందు వదులుగా పెట్టి, సైలెన్సర్ దానంతట అది సర్దుకున్నాక క్లాంపు బిగించి, ఆఖర్న మౌంటింగ్ బిగించండి. ముందే మౌంటింగ్ బిగిస్తే బెండ్ పైపు మీద లాగుడు పడి నెల తిరక్కుండా ప్యాకింగ్ మళ్లీ ఊదుతుంది.