జపనీస్ నుంచి స్పానిష్‌కు: రసాయన శాస్త్రం తెలిసిన అనువాదకులు ఎక్కడ దొరుకుతారు?

ప్రశ్న:
ఒక ఔషధ ముడిపదార్థం తయారీ విధానాన్నీ, దానికి సంబంధించిన నాలుగు భద్రతా సమాచార పత్రాలనూ స్పెయిన్‌లోని కర్మాగారం కోసం జపనీస్ నుంచి స్పానిష్‌లోకి తేవలసి ఉంది. రెండు భాషలూ వచ్చినవారు దొరుకుతున్నారు గానీ, వారికి రసాయన శాస్త్రం రాదు. పోయినసారి ఒకరికి అప్పగిస్తే, హైడ్రోక్లోరైడ్ లవణం అని ఉండవలసిన చోటల్లా హైడ్రోక్లోరిక్ ఆమ్లం అని రాశారు. జపనీస్‌లో ఆ రెండు పేర్లకూ తేడా చివరనున్న ఒక్క అక్షరమే. సరైనవారిని ఎలా ఎంచుకోవాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

మొదటి జవాబు:
స్పెయిన్ అనువాదకుల సంఘమైన అసెట్రాడ్ సభ్యులలో ముందుగా వెతకండి. జపాన్‌లో జాట్ అనే సంఘం ఉంది గానీ, అందులో ఎక్కువమంది జపనీస్, ఇంగ్లీషుల మధ్య పనిచేసేవారే. స్పానిష్ మాతృభాషగా ఉండి, జపాన్‌లో రసాయన శాస్త్ర పరిశోధన చేసినవారు దొరికితే వారికే నా ఓటు. పేటెంట్లు అనువదించిన అనుభవం కూడా ఉంటే మరీ మంచిది.

రెండవ జవాబు:
అలాంటివారు అరుదు గనుక ఇంగ్లీషు మీదుగా రెండంచెల్లో చేయించవలసి రావచ్చు. అందులో తప్పేమీ లేదు గానీ, అంకెల దగ్గర జాగ్రత్త అవసరం. జపనీస్‌లో "ఇజో" అంటే ఆ సంఖ్యతో కలిపి ఆపైన అని, "మిమాన్" అంటే ఆ సంఖ్యను చేరకుండా అని అర్థం. మధ్యనున్న ఇంగ్లీషు పాఠంలో "50 డిగ్రీలకు మించి" అని పడితే, సరిగ్గా 50 డిగ్రీలన్నది పరిధిలోంచి తప్పుకుంటుంది. పైగా జపాన్‌లో వేల దగ్గర పెట్టే కామాను స్పెయిన్‌లో దశాంశానికి వాడతారు కాబట్టి, 1,500 గ్రాములు అన్నదాన్ని అలాగే వదిలేస్తే అక్కడివారు ఒకటిన్నర గ్రాము అని చదువుకునే అవకాశం ఉంది.

మూడవ జవాబు:
భద్రతా పత్రాల సంగతి వేరండీ. వాటిని ఉన్నదున్నట్టు అనువదించినంత మాత్రాన స్పెయిన్‌లో సరిపోదు, రసాయనాల నమోదు, వర్గీకరణ, లేబుళ్లకు సంబంధించిన ఐరోపా సమాఖ్య రీచ్, సీఎల్‌పీ నిబంధనలకు అనుగుణంగా తిరిగి కూర్చాలి. ప్రమాద సూచనలకు స్పానిష్‌లో అధికారిక వాక్యాలు ముందే నిర్ణయమై ఉన్నాయి. ఉదాహరణకు హెచ్225 అన్న సంకేతానికి "లీకిదో ఈ వపోరెస్ ముయ్ ఇన్‌ఫ్లమాబ్లెస్" (చాలా సులభంగా మండే ద్రవం, ఆవిరి) అనే రాయాలి. దాన్ని సొంత మాటల్లో అనువదించే వ్యక్తికి ఈ రంగం కొత్తని అప్పుడే తెలిసిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. నమూనాగా ఏ భాగం ఇవ్వమంటారు?

రెండవ జవాబు రాసినవారు:
మీ పాత పత్రంలో లవణం ఆమ్లంగా మారిన పేజీనే ఇవ్వండి, తగిన పారితోషికం చెల్లించి. పదార్థాల పేర్ల పక్కన క్యాస్ నంబర్లు (ఒక్కో రసాయనానికి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్యలు) మాత్రం తీసేయకండి. మంచి అనువాదకులు మొదట చూసుకునేది వాటినే.