వెనక ఎండలో పోర్ట్రెయిట్: హై స్పీడ్ సింకా, ఎన్‌డీ ఫిల్టరా?

సూర్యాస్తమయానికి గంట ముందు, మనిషి వెనక ఎండ ఉండేలా నిలబెట్టి పోర్ట్రెయిట్లు తీస్తున్నాను. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 85 ఎంఎం లెన్స్, ఎఫ్/1.8, ఐఎస్‌ఓ 100. ఆకాశం రంగు నిలవాలంటే షట్టర్ 1/1600 పెట్టాల్సి వస్తోంది. జుట్టు అంచున వెలుగు చాలా అందంగా వస్తోంది కానీ ముఖం నల్లబడిపోతోంది, కళ్లలో మెరుపే ఉండట్లేదు.

ముఖానికి ఎక్స్‌పోజర్ పెంచితే ఆకాశం తెల్లగా పోతోంది. తర్వాత ఎడిటింగ్‌లో రా ఫైల్ షాడోస్ (చీకటి భాగాలు) లేపితే చర్మం మీద నాయిస్ (చుక్కలు చుక్కలుగా గరుకుదనం). వెండి రిఫ్లెక్టర్‌కి కళ్లు చిట్లిస్తున్నారు, తెల్లదానికి వెలుగు చాలట్లేదు. కెమెరా సింక్ స్పీడ్ (మామూలు ఫ్లాష్‌తో వాడగలిగే అత్యంత వేగమైన షట్టర్) 1/200, కాబట్టి మామూలుగా ఫ్లాష్ వాడాలంటే ఎఫ్/5కి వెళ్లాలి. అప్పుడు వెనక కొమ్మలన్నీ గీతలు గీతలుగా కనిపిస్తాయి, అది నాకు అస్సలు నచ్చదు. అంతకన్నా వేగమైన షట్టర్‌తోనూ ఫ్లాష్ వాడనిచ్చే హై స్పీడ్ సింక్‌లో, చిన్న సాఫ్ట్‌బాక్స్‌తో మీటరున్నర దూరం నుంచి ఫుల్ పవర్ ఇచ్చినా ముఖం ఒక స్టాప్ తక్కువే, అంటే కావాల్సిన దాంట్లో సగం వెలుగే. పైగా ఫ్లాష్ మళ్లీ రెడీ అయ్యేలోపు ఆ నవ్వు పోతోంది.

లెన్స్ ముందు 3 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్ల గాజు) పెడితే 1/200లోనే ఎఫ్/1.8 ఉంచవచ్చు. కానీ అది ఫ్లాష్ వెలుగునీ అంతే తగ్గిస్తుంది కదా. ఒకే ఫ్లాష్‌తో, ఒకే దూరం నుంచి రెండూ వాడి చూసినవాళ్లు చెప్పండి: ముఖం మీద ఎక్కువ వెలుగు దేనితో వచ్చింది, హై స్పీడ్ సింక్‌తోనా, ఎన్‌డీతోనా?