“వంగనిది” అనాలా, “వంగినది” అనాలా?

అమలాపురం నుంచి:
మా అమ్మమ్మది ముక్తేశ్వరం. ఆవిడ నోట చిన్నప్పుడు విన్న సామెత ఒకటి వారం రోజులుగా నన్ను వదలడం లేదు. లోకమంతా “మొక్కై వంగనిది మానై వంగునా” అంటుంది. ఆవిడ మాత్రం “మొక్కై వంగినది మానై నిలుచునా” అనేదని నా జ్ఞాపకం. రెండో సగం మీద నాకు గట్టి నమ్మకం లేదు, “వంగినది” మీద ఉంది. లైంగిక నేరానికి పాల్పడిన మగపిల్లల తల్లిదండ్రుల కోసం ఒక చిన్న పుస్తకాన్ని తెలుగు చేస్తున్నాను. అటువంటి పిల్లల్లో అనేకులు పసితనంలో దెబ్బలూ నిరాదరణా ఇంట్లో హింసా చూసినవారు, కొందరు తామే లైంగిక హింసకు గురైనవారు. ఆ అధ్యాయానికి అమ్మమ్మ మాటను శీర్షికగా పెట్టాలని ఉంది. ఈ పాఠం మీలో ఎవరైనా విన్నారా?

రాజమహేంద్రవరం నుంచి:
అమ్మా, నలభై ఏళ్ళు తెలుగు చెప్పినవాడిగా అంటున్నాను, అది పొరపాటు పాఠం. ఈ సామెత బలమంతా “వంగనిది”, “వంగునా” అని ఒకే క్రియ రెండు చోట్ల పలకడంలో ఉంది. “వంగినది” అంటే ఆ జత తెగిపోతుంది. మరో మాట. కొందరు “మ్రొక్కై” అని కూడా రాస్తున్నారు. మాను పూర్వరూపం మ్రాను కనుక మొక్కకు కూడా క్రారవడి ఉండాలని వారి ఊహ. మ్రొక్కు అంటే నమస్కారం, దానికీ మొక్కకూ సంబంధం లేదు.

భీమవరం నుంచి:
మేష్టారి వ్యాకరణానికి నమస్కారం. కానీ అర్థం సంగతి చూడాలి. “వంగనిది” అంటే మాట విననిది, తప్పు మొక్కదే. “వంగినది” అంటే ఎవరో వంచితే వంగినది. నిజానికి అక్కడ “వంచినది” అనే ఉండాలి, వంచన అన్న మాట కూడా దాని నుంచే వచ్చి ఉంటుంది. న్యాయవాదిగా ఇంకొకటి చెబుతాను. 2015 నాటి బాలల న్యాయ చట్టం మూడో సెక్షన్‌లోని మూలసూత్రాల ప్రకారం, బాలుడికి సంబంధించిన ప్రక్రియల్లో నిందించే మాటలు వాడరాదు. అందుకే “బాల నేరస్థుడు” అనకుండా “చట్టంతో సంఘర్షణలో ఉన్న బాలుడు” అంటున్నాం. అయితే మీ పుస్తకం బాధితురాలి తల్లి చేతికి కూడా చేరవచ్చు. “వంగినది” అన్న మాట ఆవిడకు సాకులా వినిపించకూడదు.

రాజమహేంద్రవరం నుంచి:
వంచన సంస్కృతం, వంచు అచ్చతెలుగు. వినడానికి దగ్గరగా ఉన్నంత మాత్రాన చుట్టాలు కావు.

అమలాపురం నుంచి:
బాధితురాలి తల్లి గురించి మీరు చెప్పినది మనసులో పెట్టుకున్నాను, అది నేను ముందే ఆలోచించవలసిన సంగతి. నన్ను ఇప్పుడు రెండో సగం కూడా బాధిస్తోంది. 2010లో వెలువడిన ఒక సమీక్ష 59 అధ్యయనాలను కలిపి చూసి, లైంగిక నేరం చేసిన కౌమారుల్లో బాల్యంలో లైంగిక హింసకు గురైనవారు ఇతర నేరాలు చేసిన కౌమారుల్లో కంటే ఎక్కువని తేల్చింది. అంటే మొక్క వంగిన మాట నిజం. కానీ 2016 నాటి మరో సమీక్షలో 106 అధ్యయనాలకు చెందిన 33,783 మందిని సగటున దాదాపు 5 ఏళ్ళు గమనించిన లెక్క ఉంది. వారిలో మళ్ళీ లైంగిక నేరం నమోదైనవారు సుమారు 5 శాతం, 2000 తరువాతి అధ్యయనాల్లో 3 శాతం లోపు. బయటపడనివి ఈ లెక్కలోకి రావు, అయినా ఆ అంకె చిన్నది. తిరిగి కేసుల్లో పడినవారిలో ఎక్కువమందివి ఇతర నేరాలు. బాల్యపు గాయం మొదటి తప్పు ఎలా జరిగిందో కొంత చెప్పగలదు, మళ్ళీ జరుగుతుందా అన్న ప్రశ్నకు అంత గట్టి జవాబు ఇవ్వలేదు. మరి “నిలుచునా” అని అడిగితే, నిలవదు అనే కదా ధ్వని! ఏ తల్లి చేతిలో ఆ వాక్యం పెట్టగలను?

అంబాజీపేట నుంచి:
నేను పండితుణ్ణి కాను, కొబ్బరి రైతును. 1996 నవంబరు 6 తుఫానుకు మా తోటలో ఒక చెట్టు సగం వేళ్ళతో నేలకు ఒరిగిపోయింది. మాను ఇప్పటికీ ఒరిగే ఉంది. మొవ్వు మాత్రం ఏడాది తిరగకుండా పైకి తిరిగింది, ఈనాటికీ గెలలు వేస్తోంది. వంగిన మాను నిలవదని మా వైపు ఎవరూ అనరు. మీ అమ్మమ్మగారిది కూడా కోనసీమే కనుక, రెండో సగం ఆవిడ మరోలా అని ఉండాలి.

రాజమహేంద్రవరం నుంచి:
తోట సాక్ష్యాన్ని కాదనను. ఎలుక తోలును ఏడాది ఉతికినా తెల్లబడదన్న వేమనే “తినగ తినగ వేము తియ్యనుండు” అని కూడా అన్నాడు. తరువాతి పాదంలోనే “సాధనమున పనులు సమకూరు ధరలోన” అన్నాడు. ఆ “సాధన”లోనే మీకు కావలసినది ఉంది. పిల్లవాడితో, అతని ఇంటివారితో నెలల తరబడి ఓపికగా చేసే పనికి అంతకంటే మంచి మాట తెలుగులో నాకు కనిపించదు. అయినా “వంగినది” సరైన పాఠమని మాత్రం ఒప్పుకోను.

అమలాపురం నుంచి:
మేష్టారూ, “సాధన” అధ్యాయం లోపలికి తీసుకుంటాను, శీర్షిక ఇంకా ఖాళీగానే ఉంది. ముక్తేశ్వరం, అయినవిల్లి, కోటిపల్లి రేవు వైపు పెద్దవాళ్ళ నోట “వంగినది” అని విన్నవారు ఉంటే, ఏ ఊళ్ళో విన్నారో, ముఖ్యంగా దాని తరువాత ఏమనేవారో దయచేసి రాయండి.