‘గో ఆఫ్’: అలారం మోగినట్టా, ఆగినట్టా?

పెన్నఒడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నెల్లూరు నుంచి వచ్చి ఇంగ్లాండులోని ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరి నాకు ఏడాది కావస్తోంది. చేరిన కొత్తలో చేసిన పొరపాటు ఒకటి ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది. రాత్రి డ్యూటీ ముగించుకొని వెళుతున్న నర్సు నాకు వార్డు అప్పగిస్తూ, ఆరో బెడ్డు దగ్గర ఆగి, “ద పంప్ కెప్ట్ గోయింగ్ ఆఫ్ ఆల్ నైట్” అన్నది. సెలైను పంపు రాత్రంతా ఆగిపోతూ వచ్చిందని నేను అర్థం చేసుకొని, మందు ఎంత ఎక్కిందో, ఎంత ఎక్కలేదో అని కంగారుపడి, పంపు మార్పించి, పాతదానికి “దానంతట అదే ఆగిపోతోంది” అని చీటీ అంటించి మరమ్మతు విభాగానికి పంపించాను. రెండు రోజుల తరువాత “ఏ లోపమూ లేదు” అన్న కాగితంతో అది తిరిగి వచ్చింది. తీరా చూస్తే, సూది మోచేతి మడత దగ్గర ఉన్నందువల్ల ఆ పెద్దాయన నిద్రలో చెయ్యి ముడిచినప్పుడల్లా మందుకు దారి మూసుకుపోయి, పంపు అలారం మోగుతూ వచ్చిందట.

అప్పటి నుంచి ఈ మాట వినబడితే చాలు, చెవులు రిక్కిస్తున్నాను. ఎనిమిదింటికి డ్యూటీ దిగే ఆమె “ఐ గో ఆఫ్ ఎట్ ఎయిట్” అంటుంది. వార్డు ఫ్రిజ్‌లో పాడైన పాలు “గాన్ ఆఫ్”. నాలుగో బెడ్డు పెద్దావిడ “హాజ్ గాన్ ఆఫ్ హర్ ఫుడ్”. నొప్పి మాత్ర వేసిన గంటకు పక్క బెడ్డాయన “హాజ్ గాన్ ఆఫ్ ఎట్ లాస్ట్”, అంటే ఎట్టకేలకు నిద్రపట్టిందని. ఈ అర్థాలన్నీ నిఘంటువులో వరుసగా ఉన్నాయి గాని, ఒకటి గుర్తుంటే ఇంకొకటి జారిపోతోంది. వీటన్నిటినీ కలిపే సూత్రం ఏదైనా ఉన్నదా?

కీగడియారం

పెన్నఒడ్డు గారూ, నేను విశాఖలో కొలత పరికరాల మరమ్మతు చేసే మనిషిని. మీ చీటీలాంటి చీటీలు వారానికి రెండైనా చూస్తుంటాను. ముందుగా ఒక మాట: గొట్టంలో దారి మూసుకుపోతే ఆ రకం పంపులు మందు తోయడం ఆపి అలారం మోగిస్తాయి, కనుక మీరు ఊహించినది పూర్తిగా అబద్ధమేమీ కాదు. అయితే ఆమె చెప్పింది ఆగడం గురించి కాదు, మోత గురించి.

చిక్కంతా మనం ‘ఆఫ్’ను అరువు తెచ్చుకొన్న తీరులో ఉన్నదని నాకనిపిస్తుంది. ఆ మాట మన ఇళ్ళలోకి స్విచ్చుతో పాటు వచ్చింది. లైటు ఆఫ్, ఫ్యాను ఆఫ్, మోటారు ఆఫ్, చివరికి మూడ్ ఆఫ్ కూడా; అన్నిటా ఆగిపోవడమే. (ఆమ్లెట్ బండి దగ్గర మనం అడిగే ‘ఆఫ్ బాయిల్’ మాత్రం సగం ఉడికిన గుడ్డు, దాని గోల వేరు.) ఇంగ్లీషులో ‘ఆఫ్’కు మొదటి అర్థం ఆగడం కాదు, ఉన్న చోటి నుంచి విడివడడం. కీ ఇచ్చే పాత అలారం గడియారాన్ని ఎప్పుడైనా విప్పి చూస్తే ఇది కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. బిగించిన స్ప్రింగు విప్పుకోకుండా ఒక చిన్న కొక్కెం పట్టుకొని ఉంటుంది. మీరు పెట్టిన వేళ రాగానే ఆ కొక్కెం తప్పుకుంటుంది, స్ప్రింగు ఒక్కసారిగా వదులై చిన్న సుత్తి గంటను గణగణా కొడుతుంది. తుపాకీ పేలడం, బాంబు పేలడం కూడా ఇంతే: అణచిపెట్టి ఉంచినది పట్టు తప్పించుకొని బయటపడింది. కనుక లోపల సిద్ధంగా బిగిసి ఉన్న వస్తువు ‘గో ఆఫ్’ అయితే మోగుతుంది లేదా పేలుతుంది. అప్పటికే నడుస్తున్న వస్తువు, అంటే దీపం, కరెంటు, హీటరు లాంటివి ‘గో ఆఫ్’ అయితే ఆగుతుంది. “ద లైట్స్ వెంట్ ఆఫ్ అండ్ ది అలారం వెంట్ ఆఫ్” అన్న వాక్యంలో మొదటిది ఆరింది, రెండవది మోగింది. క్రియను కాదు, కర్తను చూడాలి.

ఇంకొక జాగ్రత్త. “సెట్ ఆఫ్ ది అలారం” అంటే మోగేటట్టు చేయడం, “టర్న్ ఆఫ్ ది అలారం” అంటే మోగకుండా చేయడం. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రవాళ్ళు ఈ రెంటినీ తారుమారు చేసి లాగుబుక్కులో రాస్తే, ఆ రోజు ఏం జరిగిందో కనిపెట్టడానికి పూట పడుతుంది.

నల్లబల్ల

నేను ముప్పై ఏళ్ళు ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఈ ఇబ్బంది మీ ఒక్కరిది కాదమ్మా. శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువరించిన తన నిఘంటువు పీఠికలోనే, క్రియకు చిన్న మాట ఒకటి తగిలించి అర్థాన్ని మార్చేసే ఈ పద్ధతి ఇంగ్లీషులో మరే భాషలోనూ లేనంత విస్తారంగా ఉండవచ్చుననీ, విదేశీయులకు అన్నిటికన్నా కష్టం దీనితోనేననీ ఒప్పుకున్నాడు. వీటిని ‘ఫ్రేజల్ వెర్బ్’ అని పిలవడం 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ పుస్తకంతో వాడుకకెక్కింది. ఆ పేరు తనకు సూచించినది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్ చెప్పాడు.

కీగడియారం గారి వివరణ అలారానికి చక్కగా అతుకుతుంది గాని, పాలకూ నిద్రకూ అతకదు. వాటికి మన ‘పోవు’ను తలచుకోండి. కరెంటు పోయింది, పాలు విరిగిపోయాయి, బిడ్డ నిద్రపోయింది, పరువు పోయింది. ఇక్కడ ఎవరూ ఎక్కడికీ నడిచి వెళ్ళలేదు. ఉన్న స్థితి తప్పి ఇంకొక స్థితిలోకి జారడాన్నే మనం ‘పోవు’తో చెబుతున్నాం. పాలు ‘గాన్ ఆఫ్’ అన్నా, మనిషి నిద్రలోకి ‘గాన్ ఆఫ్’ అన్నా అదే జారడం. పైగా తెలుగు నేర్చుకొనే పరాయివాడికి మన ‘పోవు’ ఇంతకంటే ప్రమాదకరం: తెలంగాణలో “సార్ ఆఫీసుకు పోయిండు” అనేది మామూలు మాట, కోస్తాలో ఎక్కడికో చెప్పకుండా “ఆయన పోయారు” అంటే ఇల్లంతా ఘొల్లుమంటుంది.

తిండి విషయం మాత్రం విడిగా పెట్టుకోండి. “గాన్ ఆఫ్ హర్ ఫుడ్” అన్నప్పుడు ‘ఆఫ్’ తరువాత ఒక నామవాచకం ఉన్నది. తిండి మీది నుంచి మనసు తొలగిందని, అంటే అన్నం సయించడం లేదని అర్థం. ఆ నామవాచకాన్ని తీసేసి “షీ హాజ్ గాన్ ఆఫ్” అంటే వినేవారికి ఆమె ఎక్కడికో వెళ్ళిందనో, నిద్రపోయిందనో తోస్తుంది. నా లెక్కలో ఇది వేరే పనిముట్టు.

హడ్సన్ గాలి

అమెరికా నుంచి చిన్న సవరణ. పాలు పాడైతే ఇక్కడివారు ‘గో బ్యాడ్’ అంటారు, ‘గో ఆఫ్’ అనరు. ఎవరి మీదనైనా ‘గో ఆఫ్’ అయ్యారంటే మాత్రం ఆ మనిషిని తిట్టిపోశారని. అలారం రెండు దేశాల్లోనూ మోగుతుంది.

రాత్రిడ్యూటీ

పెన్నఒడ్డు గారూ, నేనూ ఇంగ్లాండులో నర్సునే, కనుక ఎవరూ చెప్పని ఒక అర్థాన్ని చేరుస్తున్నాను, ఎందుకంటే మీకు అన్నిటికన్నా అవసరమైనది అదే. ఇక్కడి డాక్టర్లు, సీనియర్ నర్సులు గొంతు తగ్గించి “ఐ థింక్ బెడ్ టూ ఈజ్ గోయింగ్ ఆఫ్” అంటే, పంపు వైపు కాదు, మనిషి వైపు పరుగెత్తాలి. రోగి పరిస్థితి దిగజారుతోందని దాని భావం. నేను మొదటిసారి విన్నప్పుడు ఆయనను స్కానింగుకు తీసుకువెళుతున్నారు కాబోలని వీల్‌చైరు కోసం బయలుదేరాను. సిస్టర్ చెయ్యి పట్టి ఆపి, బీపీ మిషను నా చేతిలో పెట్టింది.

ఇది నోటి మాటే గాని రాతకు పనికిరాదు. కేసు షీటులో బీపీ ఎంత పడిందో, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో అంకెలతో రాయండి.

పెన్నఒడ్డు

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు చెప్పిన ‘పోవు’ పోలిక నాకు బాగా పట్టింది. నిద్రపోవడం ఇంతకాలం నా కళ్ళ ముందే ఉండి కూడా తట్టలేదు. నిన్న రాత్రి మళ్ళీ అదే తరహా పంపు, ఇంకొక మోచెయ్యి. ఉదయం అప్పగింతలో ‘గో ఆఫ్’ జోలికి పోకుండా, అలారం నాలుగుసార్లు మోగిందనీ, చెయ్యి చాచి దిండు మీద పెట్టిన తరువాత మోగలేదనీ చెప్పాను. వార్డు తీసుకొన్న అమ్మాయి తల ఊపి, “సో ఇట్ కెప్ట్ గోయింగ్ ఆఫ్” అని రాసుకున్నది.