18 ఏళ్లకే డ్యూక్ 390: స్ప్లెండర్ మీద తెచ్చుకున్న లైసెన్సు సరిపోతుందా?

కూకట్‌పల్లి_అక్క
మా తమ్ముడికి ఈ ఏడాదే 18 నిండాయి. బీటెక్ మొదటి సంవత్సరం. లైసెన్సు చేతికి రాగానే కేటీఎం వాళ్ల పవర్‌ఫుల్ బైక్ డ్యూక్ 390 కావాలని పట్టుబట్టాడు. పక్కింటివాళ్ల స్ప్లెండర్ తీసుకెళ్లి ఆర్టీఏ ట్రాక్ మీద 8 తిప్పి పాసయ్యాడు, అంతే. ఆ ఒక్క కార్డుతో ఏ బండైనా నడపొచ్చా? బదులుగా ఏ బండి ఇప్పించాలి? ఇన్సూరెన్స్ ఎంతవుతుంది? నాన్న మెత్తబడుతున్నారు, నాకు ఒకటే టెన్షన్.

ఆర్‌ఎక్స్_వరంగల్
చట్టం ఒప్పుకుంటుంది. గేర్ బండి లైసెన్సు ఉంటే వంద సీసీ అయినా వెయ్యి సీసీ అయినా ఒకటే. కానీ బండిని తిట్టకండి. మా తరం ఆర్‌ఎక్స్ 100, ఆర్‌డీ 350 మీద పెరిగింది. డ్రమ్ బ్రేకులు, బ్రేకు వేస్తే చక్రం లాక్ అవ్వకుండా చూసే ఏబీఎస్ అన్న మాటే లేదు. మాకేం కాలేదు. కుర్రాడికి ఒళ్లు దగ్గర పెట్టుకోవడం నేర్పండి చాలు.

లీడ్స్_శ్రీను
అన్నా, "మాకేం కాలేదు" అనేది బతికున్నవాళ్లే కదా చెప్పేది. మీ ఆర్‌ఎక్స్ పవర్ 11 హార్స్‌పవర్. 390 దానికి దాదాపు నాలుగింతలు.
ఇక్కడ బ్రిటన్‌లో అయితే వాడికి ఆ బండి దొరకదు. 17 ఏళ్లకు 125 సీసీ, 11 కిలోవాట్లు దాటకూడదు. 19 ఏళ్లకు ఏ2 లైసెన్సు, 35 కిలోవాట్ల వరకు. 390 ఆ కోవలోకే వస్తుంది. పెద్ద బండి కావాలంటే ఏ2 మీద రెండేళ్లు నడిపి 21కి మళ్లీ పరీక్ష రాయాలి, లేదా 24 దాకా ఆగాలి. పరీక్షలో గంటకు 50 కిలోమీటర్ల వేగంలో సడన్‌గా ఆపి చూపించాలి, అడ్డంకిని తప్పించి చూపించాలి. మన 8 ట్రాక్‌లో కాలు కింద పెట్టకపోతే చాలు. రెండో గేరు కూడా అక్కర్లేదు.

ఆటోనగర్_మెకానిక్
విజయవాడలో 20 ఏళ్లుగా ఇదే పని నాది. పవర్ గురించి ఎవరైనా మాట్లాడతారు, బ్రేకు గురించి ఒక్కరూ మాట్లాడరు. నా దగ్గరికి వచ్చే పిల్లల బండ్లలో వెనక ప్యాడ్లు అరిగి రేకు తేలి ఉంటాయి, ముందు ప్యాడ్లు కొత్తవాటిలా మెరుస్తుంటాయి. ముందు బ్రేకు పట్టుకోవడమే రాదు వీళ్లకి.

భీమిలి_బీచ్‌రోడ్
ముందు బ్రేకు పట్టుకుంటే పల్టీ కొడతాం అని ఇంట్లో అందరూ చెప్పేదే కదా? మా నాన్న నాకు అలాగే నేర్పారు. ఇన్నేళ్లూ వెనక బ్రేకుతోనే నడిపాను. నాకే ఇబ్బందీ రాలేదు.

ఆటోనగర్_మెకానిక్
తప్పు నేర్పారు సార్. బండి ఆగేటప్పుడు బరువంతా ముందుకు వాలుతుంది. వెనక టైరు తేలికైపోతుంది, అప్పుడు దాన్ని తొక్కితే లాక్ అయి పక్కకు జారుతుంది. ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. ముందు బ్రేకు లివర్‌ని మెల్లగా నొక్కుతూ బిగించాలి, ఒక్కసారిగా గుంజితేనే ప్రమాదం.

భీమిలి_బీచ్‌రోడ్
బీచ్ రోడ్డు మీద ఇసుక ఉంటుంది. ఇసుకలో ముందు బ్రేకు పట్టి చూపించండి, తర్వాత పాఠం చెప్పండి.

ట్రాక్‌డే_చెన్నై
ఇద్దరూ సగం సగమే చెప్తున్నారు. ఇసుకలోనూ మలుపులోనూ ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు, నిజమే. ఎండిన సూటి రోడ్డు మీద అదే ప్రాణాలు కాపాడేది. నేను చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద కొత్తవాళ్లకు నేర్పుతాను, మొదటి రోజంతా బ్రేకింగే. వంద స్పీడులో సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతాం. చెయ్యి లివర్ మీదకు చేరేలోపే అంత దూరం దాటేస్తాం. 390లో సూపర్‌మోటో మోడ్ ఉన్న మోడళ్లలో పిల్లలు చేసే మొదటి పని వెనక ఏబీఎస్ ఆపెయ్యడం, టైరు జారిస్తే వీడియో బాగా వస్తుందని. 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేసింది ఇందుకోసమా?

భీమిలి_బీచ్‌రోడ్
ట్రాక్ మీద ఆవులు అడ్డం రావు సార్. మీ ట్రాక్ లెక్కలు మా రోడ్లకు పనికిరావు.

ట్రాక్‌డే_చెన్నై
ఆవు అడ్డం వస్తేనే కదా బ్రేకు కావాల్సింది! వినకూడదని కూర్చుంటే ఎవరూ ఏం చెప్పలేరు.

నైట్‌డ్యూటీ_నర్సు
మీ బ్రేకుల గొడవ ఆపుతారా కాసేపు? నేను క్యాజువాలిటీలో పని చేస్తాను. నడిపేవాడి గురించే అందరి బాధ. వెనక కూర్చున్నవాడి మాట ఒక్కరైనా ఎత్తారా? నడిపేవాడికి ఐదు వేల హెల్మెట్ ఉంటుంది, వెనక ఫ్రెండ్‌కి టోపీ కూడా ఉండదు. ఆ సీటేమో అరచెయ్యంత, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. వెనక కూర్చున్నవాళ్లూ హెల్మెట్ పెట్టుకోవాలని చట్టంలోనే ఉంది. అక్కా, ఏ బండి కొన్నా రెండు హెల్మెట్లు కొనండి, ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి.

పాలసీ_ప్రసాద్
ఇన్సూరెన్స్ అడిగారు కదా. 2022 జూన్ రేట్ల ప్రకారం థర్డ్ పార్టీకి, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి, ఏడాదికి స్ప్లెండర్ లాంటి దానికి 714 రూపాయలు, 150 నుంచి 350 సీసీ వరకు 1,366, 350 దాటితే 2,804. కొత్త బండికి ఐదేళ్లది ఒకేసారి కట్టాలి. 350 దాటిన బండి ప్రమాదం వేరని ప్రీమియం లెక్కకు తెలిసింది, లైసెన్సుకే తెలియలేదు. పాలసీలో సీసీని బట్టి ఇన్ని స్లాబులు పెట్టినవాళ్లం లైసెన్సులో రెండు మెట్లు పెట్టలేమా?

ఆర్‌ఎక్స్_వరంగల్
మెట్లు పెడితే మెట్టుకో రేటు పెడతారు బ్రోకర్లు. ఉన్న పరీక్షే సరిగ్గా పెట్టరు, ఇంకో రెండు దేనికి?

లీడ్స్_శ్రీను
బ్రోకర్లు ఉన్నారని పరీక్షే వద్దంటే ఎలా అన్నా? ట్రాక్ మీద కెమెరా పెట్టండి, సెన్సర్లు పెట్టండి.

కరీంనగర్_నాన్న
18 నిండినవాళ్ల సంగతి సరే. మా వీధిలో ఇంటర్ పిల్లలే 200 సీసీల మీద తిరుగుతున్నారు. 16 ఏళ్లకు చట్టం ఇచ్చేది 50 సీసీ వరకే, అలాంటి బండి షోరూముల్లో ఎక్కడుంది? 2019 సవరణ తర్వాత పిల్లాడు దొరికితే తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఈ సంగతి తెలిసీ తాళాలు ఇచ్చే తల్లిదండ్రులను ఏమనాలి?

కూకట్‌పల్లి_అక్క
అందరికీ థాంక్స్, కానీ ఏ బండి ఇప్పించాలో ఒక్కరూ చెప్పలేదు. నేనడిగింది ముఖ్యంగా అదే. ఇసుకలో ఆవుల గురించి కాదు.

ట్రాక్‌డే_చెన్నై
క్షమించాలి అక్కా. 150, 160 సీసీలో డ్యూయల్ చానల్ ఏబీఎస్, అంటే రెండు చక్రాలకూ ఏబీఎస్ ఉన్నది తీసుకోండి. సింగిల్ చానల్ అయితే ముందు చక్రానికే ఉంటుంది, షోరూంలో అడిగి చూడండి. 390కి ఇప్పటి ధరకీ దీనికీ ఉన్న తేడాలో మంచి జాకెట్, గ్లౌజులు, బూట్లు వచ్చేస్తాయి. ఏడాది నడిపాక వాడే వచ్చి పెద్దది అడగనీయండి, అప్పుడు చూద్దాం.

ఆర్‌ఎక్స్_వరంగల్
160లో పల్సర్ బావుంటుందా, అపాచీ బావుంటుందా?

ఆటోనగర్_మెకానిక్
అపాచీ.

భీమిలి_బీచ్‌రోడ్
పల్సర్ స్పేర్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. మెకానిక్ అయ్యుండి ఆ మాట ఎలా అన్నారు మీరు?